వంతెన నుంచి గేటు దాకా

మా మేనత్త పోయారు. పోయిన మంగళవారం ఉదయం ఏలూరు నుంచి తమ్ముడు సెల్‌కి ఫోన్ చేసి, "అక్కా, అత్తయ్య వెళ్ళిపోయారు" అన్నాడు. తాడేపల్లిగూడెంలో నేను బడికి బయల్దేరుతున్నాను. చెప్పులు వేసుకున్నదాన్ని అలాగే గుమ్మంలో కూర్చుండిపోయాను. రాబోతోందని మూడు నెలలుగా తెలిసిన కబురే. అయినా ఆ క్షణాన నాకు ఆవిడ మొహం గుర్తు రాలేదు, ఒక ఆటో గుర్తొచ్చింది. ఎందుకో చెబుతాను.

ఆవిడ ఏలూరులో ఒక ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. చివరి ఏళ్ళన్నీ క్యాన్సర్ వార్డులోనే. ఆ వార్డు రోగుల మందులకి చందాలు పోగవడానికి ఆస్పత్రివాళ్ళు ఏటా డిసెంబరులో ఒక శనివారం పరుగు పెట్టేవారు. కుర్రాళ్ళు పరుగెత్తేవారు, మాలాంటివాళ్ళం నడిచేవాళ్ళం. నేనూ, మావారూ, మా అమ్మాయీ గూడెంలో తొలి పాసింజరెక్కేవాళ్ళం. భీమడోలు దాటేదాకా కిటికీలో మంచు తప్ప ఏమీ కనిపించేది కాదు. స్టేషన్లో అత్తయ్య నిలబడి ఉండేవారు. తెల్లచీర, బూడిదరంగు స్వెట్టరు, కాళ్ళకి డ్యూటీ రోజులనాటి కాన్వాసు బూట్లు. "మంకీ క్యాపేదండీ అల్లుడుగారూ? జలుబు చేస్తే నేను చూడనండి, రిటైరయిపోయాను" అని మావారిని ఆటపట్టించేవారు.

ఆవిడ గాజుకి ఎప్పుడూ పిన్నీసుల గుత్తి వేలాడుతుండేది. నంబరు గుడ్డలు మా అందరికీ ఆవిడే పెట్టేవారు, మూలకొకటి చొప్పున నాలుగు పిన్నీసులు. పరుగు ముగిసే గేటు దాటాక ఆవిడే తీసి మళ్ళీ గాజుకి తగిలించుకునేవారు. దాటకముందు ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒక ఏడు మా అమ్మాయి కాళ్ళు నొప్పులని రోడ్డు మీద చతికిలబడి, రిక్షా ఎక్కుతానని పేచీ పెట్టింది. "మంచం దిగలేనివాళ్ళ కోసం కదే నడుస్తున్నాం? మధ్యలో ఎక్కేస్తే ఎలాగ?" అన్నారు. కసరలేదు, ఎత్తుకోనూ లేదు. అది లేచేదాకా పక్కన నిలబడ్డారు.

పోయిన వానాకాలం ఆవిడకే కడుపులో గడ్డ అన్నారు. ముదిరిపోయిందన్నారు. తను దుప్పట్లు మార్చిన మంచాల్లోనే ఒకదాని మీద పడుకున్నారు. మందులన్నీ ఎవరో ఒకరు నడిచి తెచ్చినవే, ఒక్కటీ పనిచేయలేదు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నవంబరు చివర్లో చూడ్డానికి వెళితే నా చెయ్యి పట్టుకుని, "ఈ ఒక్కసారి నా కాళ్ళ మీద గేటు దాటాలే అమ్మాయ్. నువ్వు పక్కనుండు, చాలు. మొయ్యకు" అన్నారు. సరేనన్నాను. జన్మలో ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే.

పరుగు రోజు కాలవ గట్టున మెల్లగా నడిచారు. మా అమ్మాయి ముందు నడుస్తూ గుంటలు చెబుతోంది. వంతెన మీదికొచ్చేసరికి ఊపిరి అందక కమ్మీ పట్టుకుని ఆగిపోయారు. పెదవులు నల్లబడ్డాయి. అవతల గేటు కనిపిస్తూనే ఉంది, మైకులో పేర్లు వినిపిస్తున్నాయి.

"ఒక్క నిమిషం నిలబడనీవే," అన్నారు.

నేను ఆ నిమిషం ఇవ్వలేదు. భయమేసింది. వెళుతున్న ఆటో ఆపాను.

"వద్దే... వద్దండీ అల్లుడుగారూ..." అంటూనే ఉన్నారు. చెరో రెక్కా పట్టుకుని ఎక్కించేశాం. ఆటో అతను మంచివాడే. "కూర్చోండమ్మగారూ, కుదుపు లేకుండా తీసుకెళ్తానండి" అన్నాడు.

గేటు దగ్గర అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఒక కుర్ర డాక్టరు పతకం పట్టుకొచ్చాడు. అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టి, "ఇది ఆటో అబ్బాయికి వెయ్యండి డాక్టరుగారూ, గేటు దాటించింది ఇతనండి" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మా ముగ్గురి నంబర్లూ తీసి, పిన్నీసులు గాజుకి తగిలించుకున్నారు. ఆవిడది తీయబోతే నా చెయ్యి తోసేశారు. "నాది అవ్వలేదుగా," అన్నారు.

ఆ తర్వాత మంచం దిగలేదు. ప్రతి ఆదివారం వెళ్ళాను. క్షమించమని అడగాలనే వెళ్ళాను. బత్తాయి రసం పిండి ఇచ్చి, గూడెం కబుర్లు చెప్పి వచ్చేసేదాన్ని. ఇక అడగడానికి మనిషి లేరు.

బుధవారం శవపేటిక వ్యానులో పెట్టారు. సమాధుల తోటకి దారి ఆ వంతెన మీదుగానే. ఆ రోజు ఆటో ఆపిన చోట నేను వ్యాను ఆపించి దిగాను. కమ్మీ దగ్గర ఒక నిమిషం నిలబడి గేటు దాకా నడిచాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఆవిడ నడకతో అయితే పది పట్టేదేమో. ఆ పది నిమిషాలు ఆగలేనంత తొందర ఏముంది మాకు ఆ రోజు? ఎంత ఆలోచించినా ఒక్క పనీ గుర్తు రాలేదు.

అందరూ వెళ్ళాక ఆవిడ గదిలోకి వెళ్ళాను. గాజులు మేజా మీద ఉన్నాయి, గుత్తిలో మా ముగ్గురి పిన్నీసులూ ఉన్నాయి. బూడిదరంగు స్వెట్టరు తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. దాని మీద నంబరు అలాగే ఉంది. నాలుగు పిన్నీసులూ తుప్పు పట్టి, గుడ్డ మీద నాలుగు గోధుమరంగు మరకలు పడ్డాయి.