పేరు లేని పిలుపు

అనకాపల్లిలో మా ఇంట్లో పొద్దున్నే నా బంగారుతల్లి, కొత్తగా ఇంగ్లిష్ టీచరైన మా అమ్మాయి, లోపలి గదిలోంచి "కమ్!" అంది. లేవబోయి ఆగిపోయాను.

పూడిమడక ఒడ్డున నాతో పెరిగిన నేస్తాలూ, గుర్తుందా? "పేరెట్టకుండా పిలిత్తే పలక్కండ్రా, అది సముద్రం" అనేది మా మామ్మ. అందుకే బడిలో మాస్టారు "కమ్ హియర్" అంటే ఒక్కరం లేవలేదు.

"ఇంపరేటివ్‌లో, అంటే రమ్మనీ పొమ్మనీ చెప్పే మాటల్లో, 'యు' అనే 'నువ్వు' కనబడదురా, కానీ ఉంటాది" అన్నారాయన. అందరం కిటికీలోంచి సముద్రం వైపు చూశాం.

ఆ సాయంత్రం ఒడ్డున, మంచులోంచి మా నాన్న గొంతు "రా!" అంది. నేను కదల్లేదు. ఇంటికెళ్తే నాన్న వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు.

ఇవాళ మళ్ళీ "కమ్!"

"ఎవర్నమ్మా?"

"నిన్నే నాన్నా, టీ సల్లారిపోతంది!"

ఎంత హాయిగా ఉందో! 'నాన్నా' అని పిలిచాకే లేచాను.