మందు కొట్టని అయిదు సెంట్లు

నా పదవీ విరమణకు పద్నాలుగు నెలలు ఉందనగా, ఒక నవంబరు మొదట్లో మా పరిశోధన కేంద్రానికి ఉత్తరం వచ్చింది. ఇథియోపియా నుంచి ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని మిరపలో నల్ల తామర పురుగు మీద ఆరు వారాలు పని చేయడానికి వస్తోందని, కీటక శాస్త్ర విభాగంలో సీనియర్ శాస్త్రవేత్తనైన నేను ఆమెకు స్థానిక గైడుగా ఉండాలని దాని సారాంశం. పల్నాడు చేలల్లో ముప్పై ఏళ్లు తిరిగినదాన్ని. ఎంతమంది పై అధికారులను గట్ల మీద నడిపించానో నాకే గుర్తులేదు. కానీ మా పురుగు కోసం సముద్రం దాటి ఒక మనిషి రావడం అదే మొదటిసారి. ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇంట్లో వాళ్లకు కూడా చదివి వినిపించాను, వాళ్లు అడగకపోయినా.

ఈ పురుగు నువ్వుగింజలో సగం కూడా ఉండదు. పూలలో చేరి రసం పీలిస్తే పూత రాలిపోతుంది. ఏ మందు దాని మీద ఎంత పని చేస్తుందో తేల్చడానికి చేనును మడులుగా విడదీసి ఒక్కో మడికి ఒక్కో మందు కొడతాం. ఒక మడికి మాత్రం ఏదీ కొట్టం. దాన్ని కంట్రోల్ మడి అంటాం. మిగతా మడుల్లో పురుగు తగ్గిందో లేదో దానితో పోల్చే చెప్పాలి. అది లేకపోతే ఎన్ని అంకెలు రాసుకున్నా చిత్తుకాగితాలే.

పెదకూరపాడు దగ్గర ఒక ఊళ్లో కోటయ్య అనే రైతు అర ఎకరం ప్రయోగానికి ఇచ్చాడు. అందులో కంట్రోల్ మడి అయిదు సెంట్లు, అదీ రోడ్డు వైపు పడింది. కళ్లెదుట పురుగు తింటుంటే పంపు భుజాన వేసుకోకుండా ఉండమనడం మా రైతును ఊపిరి బిగపట్టుకోమనడమే. దారిన పోయేవాళ్లు ఆగి ఏంది కోటయ్యా, మందు కొట్టే ఓపిక కూడా లేదా అని అడుగుతున్నారని ఆయన నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ ఓర్చుకోమన్నాను.

ఆ అమ్మాయి పేరు సెలాం. ఆమె దిగే రోజు పొద్దున్నే గన్నవరం విమానాశ్రయానికి గంట ముందే చేరుకుని, ఆమె పేరు నేనే రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డాను. పట్టుచీర కట్టుకుని వెళ్లాను. మా డ్రైవర్ మస్తాన్ అద్దంలోంచి రెండుసార్లు చూశాడు. సెలాం ఒక్క పెట్టెతో బయటికి వచ్చింది. మెడలో గొలుసుకు బదులు నల్లదారానికి భూతద్దం వేలాడుతోంది. అది చూడగానే ఈ పిల్ల మా జాతిదే అనిపించి నాకు చెప్పలేనంత సంతోషమేసింది.

ముందు నరసరావుపేట వెళ్లి మా కేంద్రం గెస్ట్‌హౌస్‌లో విశ్రాంతి తీసుకోమన్నాను. రెండు రాత్రులుగా నిద్ర లేదని ఒప్పుకుంటూనే, చేను ఎంత దూరమని అడిగింది. అమరావతి మీదుగా వెళితే దారిలోనే వస్తుందన్నాను. అయితే నిద్ర ఆరు వారాల తరువాత పోతానంది. అమరావతి దాటి నల్లరేగడి మొదలయ్యాక కారు మూడుసార్లు ఆపించింది. దిగడం, మిరపపువ్వు ఒకటి విప్పి చూడడం, నవ్వుతూ వచ్చి ఎక్కడం. మూడోసారికి మస్తాన్ ఆమె అడగకముందే బ్రేకు మీద కాలు పెట్టాడు.

కోటయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని రోడ్డు మీదే ఎదురుచూస్తున్నాడు. గట్ల మీద ఒక్క గడ్డిపరక లేదు. చేనుకు వెళ్లే దారి మొదట్లో ముగ్గు కూడా వేయించాడు. ఆయన భార్య సామ్రాజ్యం వచ్చి సెలాం చెయ్యి పట్టుకుని గట్టు దాటించింది. సెలాం నేరుగా కంట్రోల్ మడిలోకి వెళ్లి, సంచీలోంచి తెల్లకాగితం తీసి ఒక పువ్వును దాని మీద తట్టింది. పురుగును లెక్కపెట్టే పద్ధతి అదే. తెల్లకాగితం మీద నల్లచుక్కలు పరుగెత్తాలి. ఏమీ పరుగెత్తలేదు. రెండో పువ్వు, అయిదో పువ్వు, పదో పువ్వు. రాలినవి కొన్ని ఉన్నాయి గానీ అవన్నీ చచ్చినవే. అప్పుడు గాలి ఇటు తిరిగి ఆ వాసన నాకు తగిలింది. మందు వాసన నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎప్పుడు కొట్టావని కోటయ్యను అడిగాను.

"నిన్న పొద్దున మేడమ్. మీరేగా ఫోన్ చేసి చెప్పింది, చానా దూరం నుంచి పిల్ల వస్తంది, చేను చక్కంగా ఉండాలని. పురుగు పట్టిన చేను చుట్టానికి ఎట్టా చూపిచ్చను?"

నిజమే, చెప్పాను. ఆయన మందు కొట్టడానికి ముందు రోజు సాయంత్రం సంబరం పట్టలేక ఫోన్ చేసి, సరిగ్గా ఆ మాటే అన్నాను. నా ఉద్దేశం గట్లు, బోర్డులు బాగుండాలని. కంట్రోల్ మడి జోలికి పోవద్దని ఇంకోసారి చెప్పాలన్న ఆలోచనే రాలేదు. కోటయ్య మీద కేకలు వేద్దామని నోరు తెరిచి మూసుకున్నాను.

సెలాం గట్టు మీద కూర్చుంది. ఆ మందు ప్రభావం పోయేసరికి ఆమెకున్న ఆరు వారాల్లో సగం గడిచిపోతాయి. మొదటి వారంలోనే మందు కొట్టని మొక్కల లెక్క పంపాలని వాళ్ల దేశంలోని ఆమె గైడు షరతు పెట్టాడట. స్కాలర్‌షిప్ ఒక్కసారే ఇస్తారట, మళ్లీ రావడం కుదరదట. ఇవన్నీ ఏడవకుండా, ఒక్కొక్కటే నెమ్మదిగా చెప్పింది. దిగిన రోజే ఈ పిల్లను ఉత్తచేతులతో వెనక్కి పంపిస్తున్నానా అని నాకు చెమటలు పట్టాయి. పైగా ఆ పట్టుచీరొకటి.

భోజనం వాళ్లింట్లోనే. విదేశీ పిల్ల కారం తినలేదని సామ్రాజ్యం అన్నీ చప్పగా చేయించింది. సెలాం రెండు ముద్దలు తిని, తమ ఇంట్లో కూడా అమ్మ మిరపకాయలు ఎండబెట్టి దంచుతుందని, ఒక పచ్చిమిరపకాయ దొరుకుతుందా అని నన్ను అడిగింది. సామ్రాజ్యం ముఖం వెలిగిపోయింది. వెనక్కి వెళ్లి గుప్పెడు కాయలు కోసి, కడిగి పళ్లెంలో పెట్టింది. సెలాం ఒకటి తీసుకుని కొరకబోతూ ఆగింది. వీటికి ఆఖరిసారి మందు ఎప్పుడు కొట్టారో కనుక్కోమంది. అడిగాను.

"అయ్యో, భయపడొద్దని చెప్పండి మేడమ్. ఇయ్యి చేలోయి కాదు, దొడ్లోయి. వీటికి మందెందుకు కొడతాం? ఇంట్లో పిల్లలు తినేయి గదా," అంది సామ్రాజ్యం.

ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి చెబుతూ సగంలో ఆగిపోయాను. కోటయ్య తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు. కలిపిందే మళ్లీ కలుపుతున్నాడు.

ఎంగిలి చేతులతోనే దొడ్లోకి వెళ్లాం. బావి పక్కన మూడు వరసల్లో నలభై మొక్కలు. చేలో నాటగా మిగిలిన నారు అదేరోజు ఇక్కడ నాటామని సామ్రాజ్యం చెప్పింది. అంటే ఒకే విత్తనం, ఒకే వయసు. ఇంతకంటే మంచి పోలిక నేను ఆఫీసులో కూర్చుని గీసినా రాదు. సెలాం చెయ్యి పావడాకు తుడుచుకుని కాగితం మీద పువ్వు తట్టింది. నల్లచుక్కలు నలువైపులా పరుగెత్తాయి. గట్టిగా నవ్వి, వేళ్లతో పదకొండు అని చూపించింది. పురుగును చూసి అంత పొంగిపోయే మనిషిని సామ్రాజ్యం చూడడం అదే మొదటిసారి. ఆమె కూడా నవ్వేసింది.

"మా ఒక్కళ్ల దొడ్లోనేనా? ఈ వీధిలో అందరికీ ఉన్నయ్యి. రా తల్లీ," అని ముందు నడిచింది.

పొద్దు వాలేలోపు తొమ్మిది దొడ్లు చూశాం. ప్రతి దొడ్లోనూ వరసో రెండు వరసలో మిరప, దేనికీ మందు లేదు. ఆడవాళ్లు పిలిచి మరీ చూపించారు. కాగితం మీద పురుగు ఎక్కువ రాలిన ఇంటి ఇల్లాలు పక్కింటి వైపు కొంచెం గర్వంగా చూసింది. సెలాం రాస్తోంది, నేను పూలు తడుతున్నాను. విద్యార్థినిగా ఉన్నప్పటి హుషారు నాకు తిరిగి వచ్చింది. మగవాళ్లు అరుగుల మీద నుంచి కదలలేదు.

జరిగింది దాచకుండా ఆమె గైడుకు ఆ సాయంత్రమే రాశాం. ప్రతి దొడ్డికీ చేను నుంచి దూరం రాసుకోవాలని, గాలికి మందు కొట్టుకొచ్చే అవకాశాన్ని లెక్కలోకి తీసుకోవాలని చెప్పి ఆయన ఒప్పుకున్నాడు. సెలాం ఆరు వారాలూ పనిచేసి డిగ్రీ పూర్తి చేసింది. ఆమె పట్టికల్లో కంట్రోల్ అన్న గడి కింద ఊరి పేరు ఉంది, బ్రాకెట్‌లో ‘ఇళ్ల దొడ్లు’ అని ఉంది.

మాటల్లో స్పష్టత లేకపోతే ప్రయోగం చెడుతుందని ఆ రోజు తెలిసింది. అది ఎవరైనా నేర్పగల పాఠం. రెండోది ఆ పళ్లెం దగ్గర తెలిసింది. ముప్పై ఏళ్లు ఏ మందు ఎన్ని మిల్లీలీటర్లు కలపాలో చెబుతూ తిరిగాను. మీ కూరలోకి మిరపకాయ ఎక్కడ కోస్తారని, దానికి మందు కొడతారా అని ఒక్క ఇంట్లోనూ అడగలేదు. ఆ తరువాత పదవీ విరమణ దాకా ఏ ఊరు వెళ్లినా చేను దగ్గరికి తరువాత వెళదాం, ముందు దొడ్డి చూపించమనేదాన్ని. చూపించే ముందు ప్రతి రైతూ ఒక్క క్షణం ఆగేవాడు.