వదులు

బావ చివరగా చేసిన పని చేతులు కడుక్కోవడం. షెడ్డు బయట కుళాయి దగ్గర గ్రీజు పోయేదాకా సబ్బుతో రుద్దుకుని, "ఇంకాస్త రుద్దితే చేతిగీతలు కూడా పోయేట్టున్నాయి, నా జాతకం నువ్వే రాసిపెట్టు" అని అక్కను ఆటపట్టించి, తుడుచుకోవడానికి గుడ్డ తెమ్మని బల్లమీద కూర్చున్నాడు. అక్క గుడ్డ తెచ్చేసరికి తల గోడకు వాలిపోయి ఉంది.

ఆయన పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. ఇంటికీ షెడ్డుకీ ఒకటే గోడ. వంటింటి గట్టుమీద గిన్నెల పక్కనే స్పానర్లు ఆరుతుండేవి. కానీ బావ అనగానే నాకు అవేవీ ముందు గుర్తురావు, నీళ్ళమీద పడ్డ భయం గుర్తొస్తుంది.

బాగుచేసిన ఒక బోటును నడిపి చూడటానికి ఆయన బయల్దేరితే నేనూ ఎక్కాను. రేవు ముందున్న రాళ్ళకట్ట దాటగానే, బోటు వెనక నీళ్ళలోకి వేలాడే ఇంజన్ ఫ్యానుకు నాచు చుట్టుకుంది. బావ మీట నొక్కాడు. ఇంజన్ను నీళ్ళలోంచి పైకి లేపడానికి, మళ్ళీ దించడానికి దాని అడుగున ఒక చిన్న మోటారు ఉంటుంది. అది గుర్రుమంటూ ఇంజన్ను పైకి లేపింది. నాచు కోసి పారేసి, దించడానికి మీట నొక్కాడు. టిక్కుమంది. అంతే.

"ఏమైంది బావా?"

"అలిగింది. అచ్చం మీ ఇంటి ఆడపిల్ల."

గాలి మమ్మల్ని రాళ్ళకట్టవైపు తోస్తోంది. లంగరు వేస్తే అడుగున పట్టు దొరకలేదు. ఫ్యాను గాలిలో ఉంటే ఇంజన్ ఉన్నా లేనట్టే.

"టిక్కుమంటోందంటే మీటా, కరెంటు పంపే రిలే బాగున్నట్టే" అంటూ బ్యాటరీ నుంచి వైర్లు తిన్నగా ఆ చిన్న మోటారుకు తగిలించాడు. నిప్పురవ్వ లేచింది గానీ మోటారు తిరగలేదు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. బావ జోకులు ఆపేశాడు.

ఇక మిగిలింది ఒక్క స్క్రూ. దాన్ని తిప్పితే బరువును ఎత్తిపట్టిన లోపలి నూనెకు దారి తెరుచుకుని, ఇంజన్ తన బరువుకు తనే దిగుతుంది. కానీ ఆ స్క్రూ ఇంజనుకూ ఇనప చట్రానికీ మధ్య సందులో ఉంది. చెయ్యి లోపలుండగా ఇంజన్ దిగితే ఆ చెయ్యి ఇక చెయ్యి కాదు. బావ ఇంజన్ తలకు తాడు కట్టి, బోటులోని బల్లకు ఒక చుట్టు తిప్పి, కొస నా చేతికిచ్చాడు.

"గట్టిగా లాగి పట్టుకో మరదలా. నేను చెప్పేదాకా నీ చేతులు నీవి కావు."

సందులోకి చెయ్యి భుజందాకా దూర్చాడు. తుప్పు కరకరమంటోంది. వెనక రాళ్ళమీద అలలు బద్దలవుతున్న చప్పుడు దగ్గరవుతోంది. తిరిగి చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం.

"వదులు..." అన్నాడు బావ.

వేళ్ళు సడలబోయాయి. ఎందుకో ఆగాను.

"వదులైందా, వదలమంటున్నావా?"

"వదిలావో, చచ్చానే తల్లీ! స్క్రూ వదులైందంటున్నా!"

తాడు ఒక్కసారిగా బరువెక్కింది. అరచేతుల్లో మంట. బావ చెయ్యి లాక్కుని, నెత్తురోడుతున్న వేళ్ళను నా కళ్ళముందు ఆడించాడు. "అన్నీ ఉన్నాయి, చూసుకో. ఇప్పుడు తాడు వదిలెయ్!"

ఇంజన్ నీళ్ళలోకి దిగింది. స్టార్టయ్యేలోగా బోటు అడుగు ఒక రాయికి గీసుకుంది. ఆ గీతను బావ తరవాత చాలాసేపు తడిమి చూశాడు. గట్టుకొచ్చి ఆ చిన్న మోటారు విప్పితే లోపల ఉప్పునీళ్ళు, దానికి కరెంటు అందించకుండా ఇరుక్కుపోయిన కార్బన్ బ్రష్షు.

ఆనాటి నుంచి షెడ్డులో 'వదులు' అన్న మాట నిషేధం. స్క్రూ అయితే 'సడలింది', తాడైతే 'విడిచిపెట్టు'. పొరపాటున అక్క "నీ చొక్కా వదులైంది" అంటే, "కొంపలు ముంచకు" అని అరిచేవాడు. అందరం పగలబడి నవ్వేవాళ్ళం. ఆయనకు ఆ రోజు ఒక వేడుక కథ అయిపోయిందనుకున్నాను.

ఆయన పోయాక పనిముట్లు సర్దుతుంటే, బోట్లు నడిపే సరంగు వచ్చి కూర్చున్నాడు. ఇక ఇంజన్లను నడిపి చూసేదెవరని అడిగాను.

"ఎప్పుడూ నేనేగా అమ్మా" అన్నాడు. "నువ్వెళ్ళిన ఆ రోజు తరవాత మీ బావ మళ్ళీ బోటెక్కలేదు. నేను బోటు తీసుకెళ్ళి, ఆయనకు ఫోను కలిపి ఇంజన్ దగ్గర పెట్టేవాణ్ణి. ఆయన గట్టుమీద నిలబడి, రెండో చెవి మూసుకుని వినేవాడు."