వెచ్చని చెమట

మొన్న ఆదివారం జహీరాబాద్‌లో బస్సు దిగి, ఎండలో నడుచుకుంటూ అక్క ఇంటికి చేరేసరికి నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, అక్క దగ్గరే ఉంటున్న మా పెద్దమ్మ లేచి వచ్చి, మంచినీళ్లయినా ఇవ్వకుండా నా మెడ వెనక అరచెయ్యి పెట్టింది. కాసేపు అట్లాగే ఉంచింది. "వెచ్చగనే ఉన్నది. కూసో కొడుకా," అని, అప్పుడు నీళ్లకుండ దగ్గరికి వెళ్లింది. నాకే కాదు, గ్యాస్ సిలిండరు మోసుకొచ్చే మనిషికీ, కోహీర్ నుంచి జామపండ్లు తెచ్చి అమ్మే ముసలాయనకూ ఇదే పరీక్ష. కాకపోతే వాళ్లకు మెడ కాదు, మణికట్టు. కొత్తవాళ్లు బిత్తరపోతారు. "మా అమ్మకు అదొక అలవాటు, ఏమనుకోకున్రి," అని అక్క సర్దిచెబుతుంది. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఆ ఇంట్లో ఎవరూ పైకి చెప్పరు.

మా పెద్దనాన్నకు చెమట ఎక్కువ. ఎక్కువ అంటే, అందరికీ ఎండకు పడితే ఆయనకు నీడలో పడేది. కారంగా ఒక ముద్ద తింటే పడేది, కొత్తవాళ్లు పలకరిస్తే పడేది. మా అక్క పెళ్లిచూపుల నాడు అక్క తాపీగానే కూర్చుంది, ఆయన తడిసి ముద్దయ్యాడు. చివరికి పెళ్లికొడుకు తరఫువాళ్లే జాలిపడి ఫ్యాను ఆయన వైపు తిప్పారు. రెండు భుజాల మీద రెండు తువ్వాళ్లు ఉండేవి. ఎడమది మొహానికి, కుడిది చేతులకు. అవి తారుమారైతే ఇల్లు పీకి పందిరి వేసేవాడు. ఝరాసంగం వైపు మాకున్న కాస్త చేనును చూడటానికి షేర్ ఆటోలో వెళ్లివస్తే, దారిలోని ఎర్రదుమ్మంతా ఆ తడికి పట్టుకుని, ఇటుకబట్టీలోంచి లేచి వచ్చినట్టు గుమ్మంలో నిలబడేవాడు. నాకూ అదే ఒళ్లు వచ్చింది. ఆ చేనులో నా వాటా ఎంతో నాకు సరిగ్గా తెలియదు గానీ, ఈ వాటా మాత్రం పూర్తిగా దక్కింది.

అంత చెమట పట్టే మనిషికి దేవుడిచ్చిన వ్యాపారం బట్టల దుకాణం. తెల్లబట్ట తాను మీద ఒక్క వేలు పడితే చాలు, మచ్చ. అందుకే కత్తెర పక్కన ఎప్పుడూ ఒక పౌడరు డబ్బా ఉండేది. చేతులు తుడుచుకుని, పౌడరు రాసుకుని, ఆ తరువాతే తాను విప్పేవాడు. మధ్యాహ్నం మార్చుకోవడానికి లోపల మేకుకు ఇంకో చొక్కా వేలాడుతుండేది. జీవితమంతా పలుచటి నూలుబట్టే తొడిగాడు, అదీ తెలుపే. "బూడిదరంగు మనకు దుష్మన్. తెలుపు దోస్తు, మన తడిని దాస్తది," అని నాకు మీసాలు రాకముందే చెప్పాడు. నేను ఇప్పటికీ బూడిదరంగు చొక్కా కొనను. ఒకసారి రాయికోడ్ నుంచి వచ్చిన ఒకావిడ, ఆయన చేతి తడి బట్టకు అంటడం చూసి, "ఏంది సేటూ, బట్ట ఉతికి ఇస్తున్నవా?" అంది. "ఔనమ్మా, ఒకపారి తడిస్తె ఇగ కుంచించుకపోదు," అన్నాడు ఈయన. దుకాణమంతా నవ్వింది, ఆయనా నవ్వాడు. ఇంటికి వచ్చాక మాత్రం ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఆ నవ్వు వెనక సంగతి పెద్దమ్మకు తెలుసు. పెళ్లిలో ఇద్దరి చేతులూ కలిపినప్పుడు, ఆయన అరచేతి తడి చూసి చుట్టూ ఉన్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారట. ఆయన తల వంచుకున్నాడట. "ఈ మనిషిని ఒక్కనాడన్న పొడి అంగితోని చూడాలె అని గప్పుడే అనుకున్న," అనేది. ఇక అదే ఆమె నోము. స్నానం నీళ్లలో పటిక ముక్క తిప్పేది. తాగే కుండలో వట్టివేళ్ల కట్ట వేసేది. గంధం తీసి ఒంటికి పూసేది. ఎవరో చెప్పారని చాయ్‌పత్తి మరిగించి, చల్లార్చి, ఆ నీళ్లలో చేతులు ముంచి కూర్చోబెట్టేది. "నోట్లె పోసే చాయ్ బంద్ వెట్టి, చేతులకు పోస్తున్నది సూడు మీ పెద్దమ్మ," అని ఆయన నాకు కన్ను కొట్టేవాడు. చాయ్‌తోపాటు మిరపకాయ బజ్జీలు కూడా బందే. అబద్ధం ఎందుకు, వీటిలో కొన్ని కొంత పనిచేశాయి. చాయ్ నీళ్లు పడ్డాక ఆ పూటకు చేతులు ఆరినట్టే ఉండేవి. కానీ పెద్దమ్మ లెక్క వేరు. చెమట అంటే ఒంట్లో వేడి. వేడి దిగితే ఒళ్లు చల్లబడుతుంది, ఒళ్లు చల్లబడితే ఇక చెమట పోయినట్టే. మా ఇంట్లో అందరిదీ అదే నమ్మకం. సబ్జా, మజ్జిగ, జొన్న అంబలి, అన్నీ ఆ చలువ కోసమే. రోజూ సాయంత్రం ఆయన దుకాణం నుంచి రాగానే మెడ వెనక చెయ్యి పెట్టి చూసేది. "ఇంక దిగలే," అని మజ్జిగ తేవడానికి లోపలికి పోయేది.

ఒక ఎండాకాలం పెళ్లిళ్ల గిరాకీ జోరుగా ఉంది. అప్పట్లో అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం, పెళ్లయిన అక్క కూడా పుట్టింటికి వచ్చి ఉంది. ఒకనాడు మధ్యాహ్నం ఆయన మామూలు కంటే ముందే వచ్చేశాడు. "గ్యాస్ పట్టినట్టున్నది, ఛాతి బరువుగున్నది," అన్నాడు. మొహం మీద చెమట ధారలు కడుతోంది. ఆ ఇంట్లో ఆయన చెమట ఎవరికి వింత? పెద్దమ్మ తువ్వాలతో తుడిచి, అలవాటుగా మెడ వెనక చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి తీయలేదు. "ఓయమ్మ, ఒళ్లు చల్లబడ్డది! గింత ఎండల వచ్చి గూడ కుండ లెక్క చల్లగున్నది. ఏమయ్యో, నీ వేడి దిగింది!" అంది. ఆమె మొహం అంతగా వెలగడం నేను ముందెన్నడూ చూడలేదు. ఇంట్లో ఉన్నవాళ్లందరినీ పిలిచింది. మా అమ్మ ఆయన చెయ్యి ముట్టుకుని చూసింది, అక్క చూసింది, నేనూ చూశాను. నిజంగానే చల్లగా ఉంది. పటిక మహిమ అని ఒకరు, కాదు వట్టివేళ్లదని ఒకరు. ఆయన అంత నీరసంలోనూ నవ్వి, "గెల్సినవ్ తియ్," అన్నాడు ఆమెతో. సబ్జా నీళ్లు రెండు గుక్కలు తాగి, "జరసేపు పండుకుంట," అని ఫ్యాను కింద ఒరిగాడు. పెద్దమ్మ తలుపు దగ్గరగా వేసి, ఎవరూ చప్పుడు చేయవద్దని సైగ చేసింది.

సాయంత్రం, ఇవాళ్టికి ఒక కప్పు తాగనిద్దామని, బంద్ పెట్టిన చాయ్ ఆమే స్వయంగా చేసి లేపడానికి తీసుకువెళ్లింది. ఆయన లేవలేదు.

దవాఖానలో డాక్టరు మంచివాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే కొంత నయంగా ఉండేదేమో. "ఎండకు పట్టే చెమట వెచ్చగా ఉంటుందమ్మా. ఛాతీ బరువని చెప్పి, చల్లచెమట పడితే అది గుండెపోటు కావచ్చు. అట్లాంటప్పుడు పండుకోబెట్టొద్దు, ఆగకుండా ఇక్కడికి తీసుకురావాలి," అన్నాడు మెల్లగా. పెద్దమ్మ తలాడించింది. ఏడవలేదు. బయట మెట్ల మీద కూర్చుని, ఆయన కుడి భుజం తువ్వాలను ఒడిలో మడత పెడుతూ నన్ను అడిగింది. "చల్లబడ్డదని నేను సంబురపడ్డ గద కొడుకా?" అందరం సంబరపడ్డాం పెద్దమ్మా అని అప్పటి నుంచీ ఎన్నోసార్లు చెప్పాను. వింటుంది గానీ, ఆ మాట ఆమెకు ఎక్కడా అంటదు.

పటిక మీద మాత్రం ఆమెకు కోపం లేదు. ఆదివారం నేను బయలుదేరుతుంటే కాగితంలో చుట్టిన ఒక ముక్క తెచ్చి నా జేబులో పెట్టింది. "స్నానం నీళ్లల్ల తిప్పుకో. దాని తప్పేమున్నది," అంది. గుమ్మం దాటబోతుంటే మళ్లీ పిలిచింది. ఎందుకో తెలుసు కాబట్టి, తిరిగి వచ్చి ఆమె ముందు మెడ వంచి నిలబడ్డాను. చెయ్యి పెట్టింది. "వెచ్చగున్నది, పోయిరా," అంది. ఒకప్పుడు ఆ వెచ్చదనం తగిలితే దిగులుపడిన చెయ్యి అది. కాలం అన్నిటినీ ఆరబెడుతుందంటారు. ఏళ్లు గడిచిపోయాయి, దుకాణం చేతులు మారింది, నా తలా నెరిసింది. ఆ చెయ్యి మాత్రం ఎవరి మెడ మీద ఆనినా ఇంకా ఆ మధ్యాహ్నంలోనే ఉంది.