సాక్ష్యం చెప్పించబోయి

డెబ్బైల చివర్లో నేను సోనారి పేట నుంచి రోజూ మాంగో పేటకు వెళ్లి, పాస్టరమ్మగారి ఇంట్లో పెరిగే పిల్లలతో కూర్చునేదాన్ని. కొందరిని కన్నవాళ్లు వదిలేశారు, కొందరిని అయినవాళ్లే చావబాదారు. వాళ్ల గుండెల్లో బెదురు పోగొట్టడం మా పని. శిక్షణ తీసుకున్నానన్న గర్వం నాకు కాస్త ఎక్కువే.

ఆ చలికాలం ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి వచ్చింది. తల్లి పోయింది, తండ్రి పత్తా లేడు. మేనమామ పెట్టిన వాతలు చూడలేక, రైల్వే క్వార్టర్స్‌లో పక్కింటావిడ తెచ్చి అప్పగించింది. ఇక్కడికి వలసొచ్చిన మా తెలుగువాళ్లలో మేనమామ మాటకు ఎదురులేదు. ఆదివారం పెద్దల్ని వెంటబెట్టుకొని వచ్చి తీసుకుపోతానని కబురు పెట్టాడు. పిల్ల తన నోటితో రానంటే తప్ప వాళ్లు ఆపరు. పిల్ల చూస్తే నోరే విప్పదు.

నేనూరుకుంటానా? మా చర్చిలో ప్రతివాళ్లూ లేచి సాక్ష్యం చెప్పాల్సిందే, నాకు చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. సాయంత్రం ప్రార్థనలో ఆ పిల్లను అందరి ముందూ నిలబెట్టి, "దేవుడు నిన్నెలా కాపాడాడో చెప్పమ్మా" అన్నాను. పిల్ల బల్ల కిందికి దూరిపోయింది. అన్నం కూడా అక్కడే తింది.

పాస్టరమ్మగారు నన్ను వంటింట్లోకి పిలిచారు.

"ఏటే నీ తొందర? దెబ్బలు తిన్న పిల్లని నలుగుర్లో నిలబెడతావేటి? రేపట్నుంచి దాని పక్కన కూకొని బఠాణీలొలు. చుప్‌చాప్. నోరిప్పితే ఊరుకోను."

సిగ్గుతో చచ్చిపోయాను. పైగా నా నోటికి తాళం వేయడమంటే మాటలా? పిల్ల బల్ల కింద, నేను బల్ల పక్కన, మధ్యలో బఠాణీల గంప. నోరు ఖాళీగా ఉండలేక ఒలిచినవాటిలో సగం నేనే తినేశాను. రెండోరోజు పిల్ల కూడా ఒక కాయ అందుకుంది. శనివారానికి నా పక్కకు జరిగి మెల్లగా అడిగింది.

"అక్కా, నువ్వు మాటాడవేటి? పాస్టరమ్మ కొట్టిందా?"

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. లేదని తల ఊపాను.

"నన్నయితే మావ బెల్టుతో కొట్టీవోడు" అంది, కాయ ఒలుస్తూనే. తర్వాత అంతా చెప్పింది. రేపు పెద్దల ముందు చెప్తావా అని అడగాలని నా ప్రాణం కొట్టుకుపోయింది. అడగలేదు. సాయంత్రం పాస్టరమ్మగారే దగ్గర కూర్చోబెట్టుకొని, "రేపు మీ మావ వత్తాడు. నీకేది ఇష్టమో అదే చెప్పు. చెప్పకపోయినా నిన్నేటీ అనం" అన్నారు.

మర్నాడు మేనమామ జిలేబీ పొట్లంతో దిగాడు. "ఇంటికెళ్దాం రా తల్లీ" అన్నాడు తియ్యగా. పెద్దలు కుర్చీల్లో కూర్చుని చూస్తున్నారు. పిల్ల నా చీర కొంగు పట్టుకుని మేనమామ వైపు తిరిగింది.

"నాను రాను. నువ్వు బెల్టుతో కొడతావు."

వాళ్లలో పెద్దాయన చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. "పదరా" అని మేనమామను ముందు పెట్టుకొని బయటికి నడిచాడు. పిల్ల వాళ్ల వైపే చూస్తూ, "అక్కా, గేటేసీ" అంది.

మా అమ్మ చెప్పినా ఏనాడూ అంత వేగంగా పరుగెత్తలేదు నేను.