పాప అడిగిన "నిల్లు"

నేను పుట్టు పిరికిదాన్ని. బల్లి మీద పడితే వీధంతా లేచేట్టు అరస్తాను. అట్లాంటిదాన్ని తీసకపోయి తిరుత్తణి పక్కన ఒక స్పెషల్ స్కూలుకు హెడ్ మిస్‌ను చేసినారు. మాట సరిగా రాని పిల్లలు, బుద్ధి నిదానంగా ఎదిగే పిల్లలు చదివే చోటు. నాకు ముందుండినామె ఏడు మధ్యలోనే వదిలేసి పోయింది. తిరువళ్లూరులో పెద్దాఫీసరు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "ఈ ఏడు బాగుపడకపోతే మూసేస్తామమ్మా" అన్నాడు. ఆ పొద్దు నుంచి నాకు అన్నం సయించలేదు.

పొద్దున్నే తిరువళ్లూరులో రైలెక్కి, కిటికీ పక్కన కూర్చోని రూల్సు రాసుకునేదాన్ని. భయస్తులకు రూల్సంటే భలే ఇష్టం. మొదటిది, క్లాసులో ఒకే భాష, తమిళం. టీచర్లు తమిళం, ఆయాలు తెలుగు మాట్లాడతా ఉంటే పిల్లలు తికమక పడతారని చెప్పినాను. అసలు సంగతి వేరే. నేను తెలుగుదాన్ని. తనవాళ్ల పక్షం మాట్లాడతాదని ఎవరన్నా అంటారేమో అని భయం. రెండోది, మంచినీళ్లు బెల్లు కొట్టినప్పుడే. ఊరికే లేచి తిరగతా ఉంటే క్లాసు ఎట్లా జరిగేది?

ఆ ఏడే ఒక అవ్వ మనవరాలిని తెచ్చి చేర్చింది. నేతపని చేసే ఇల్లు, అవ్వ నూలు కండెలు చుట్టేది. పాపకు తొమ్మిదేళ్లు. "దాని మాట ఇంట్లో నాకు తెలుస్తాది టీచరమ్మా. నేను పోయినాక ఎవురికి తెలుస్తాది? పరాయోళ్ల కాడ నోరు తెరిచి అడిగేది నేర్పించండి, సాలు" అనింది. "నేర్పిస్తామవ్వా" అని లేని ధైర్యం తెచ్చుకోని చెప్పినాను.

పాపకు నాలుక మందం. నెలలు గడిచినా ఒకే మాట: "నిల్లు." తమిళంలో నిల్లు అంటే ఆగు, నిలబడు అని. పరిగెత్తే పిల్లలను మా టీచర్లు పొద్దస్తమానం "నిల్లు, నిల్లు" అని అదిలిస్తా ఉంటారు. పాప అదే పట్టుకునింది అనుకున్నాం. "అదిగో, చిన్న మిస్ వచ్చింది, లేవండి" అని ఆటపట్టించి, అందరం లేచి నిలబడి నవ్వేవాళ్లం. పాప మా మొహాలు చూసి, చూసి, పోయి కూర్చునేది. ఫైల్లో నా చేత్తోనే రాసినాను: విన్న మాట తిరిగి అంటుంది, అర్థం తెలియదు.

ఇన్‌స్పెక్షన్ ఎండాకాలంలో వచ్చింది. నాకు పొద్దున్నుంచే ముచ్చెమటలు. ఆఫీసర్ల కారు గేటు కాడ ఆగుతా ఉంటే పాప వచ్చి నా కొంగు లాగింది. "నిల్లు."

"నిలబడే ఉండాను గదా తల్లీ, పోయి కూర్చో" అని తమిళంలో కసిరినాను.

కాసేపటికి టీచరొకామె వచ్చి చెవిలో చెప్పింది: పాప కనపడలేదు. క్లాసులు చూసినాం, బాత్రూములు చూసినాం. గేటు బయట లారీలు పోయే రోడ్డు. అటు పోయి చూసే ధైర్యం లేక టీచరును పంపించినాను. చివరికి వంటింటి వెనక్కు పోయినాను. కరెంటు లేదని బక్కెట్‌తో నీళ్లు తోడి, సంపు మూత తీసిపెట్టి పోయినారు. పాప దాని అంచున బోర్లా పడుకోని ఉంది. తలా భుజాలూ లోపలే, చెయ్యి ఇంకా కిందికి చాపతా ఉంది.

నా పై ప్రాణాలు పైనే పోయినాయి. అరిస్తే అదిరిపడి లోపలికి జారతాది. అరవకుంటే? చెప్పులు ఇడిసి, ఒక్కో అడుగే ఏసి, నడుం పట్టుకోని వెనక్కి లాగి ఒళ్లో ఏసుకున్నాను. పెదాలు ఎండి పగిలి ఉండాయి. పాప సంపులోకి వేలు చూపించి అనింది.

"నిల్లు."

నీళ్లు! అయ్యో, నా నోట్లో మన్ను బడ. ఈ బిడ్డ ఇన్ని నెలలుగా నీళ్లు అడగతా ఉండాది. మేము లేచి నిలబడి నవ్వినాం.

మూడు గ్లాసులు తాగింది. ఆఫీసర్ల ముందర, టీచర్ల ముందర, వణకతానే చెప్పినాను: ఆ రూల్సు నావి, ఆ ఫైలు రాతా నాదే. ఇంకో ఏడు చూస్తామని చెప్పి ఆఫీసర్లు పోయినారు. మర్నాటి నుంచి తల్లులను పిలిపించి క్లాసులో కూర్చోబెట్టినాం. ఏ బిడ్డ ఏ మాటకు ఏం అర్థమో వాళ్లు చెప్పేది, మేము రాసుకునేది.

ఇన్‌స్పెక్షన్ అయిన ఆ పొద్దు సాయంత్రం మాత్రం అవ్వ ఒక్కతే వచ్చింది. ఏడస్తా అంతా చెప్పినాను. తిడతాదని కాచుకోని ఉన్నాను. తిట్టలేదు. మొహం విప్పారింది.

"అయితే నా బిడ్డ పరాయోళ్లను గూడా అడిగింది!" అని పాప తల నిమిరింది. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు నా పక్క చూసింది.

"మీరు తెలుగోళ్లే గదా టీచరమ్మా, మీకు గూడా తెలీలేదా?"