లోపల పది, బయట పదకొండు

పదిహేనేండ్ల సంది బొగ్గుబాయి దిగుతున్న. మంది లెక్క ఎన్నడు తప్పలె. ఇంగ్లండుల తప్పింది చూడుండ్రి! అదీ ఎవరి ముంగట? నా కాయితం రాసే దొర ముంగట! ముందుగాల చాయ్ తెప్పియ్యుండ్రి, చెప్త.

మన కంపెనోళ్లు నన్ను, ఎలక్ట్రీషియన్ ఖాజా భాయ్‌ని ట్రైనింగుకు పంపిండ్రు గద. బొంబాయిల ఓడ ఎక్కినం. ఇరవై రోజులు సముద్రం మీద ఊగి ఊగి లివర్‌పూల్ రేవుల దిగినం. పోయేటప్పుడే మేనేజర్ సార్ ఒక్కటే మాట చెప్పిండు. "అక్కడ హారిస్ దొర మిమ్ముల చూసి కాయితం రాస్తడు. మంచిగ రాస్తే ప్రమోషన్. లేకుంటే మొదటి ఓడకే వాపస్." నేనేమో బాయిల మందిని, పనిని చూసుకునే ఓవర్‌మన్‌ను, ఇంగ్లీషు నాలుగు ముక్కలు వస్తయ్. "ఫికర్ చెయ్యకు భాయ్, నేను ఎట్ల చేస్తే నువ్వు అట్ల చెయ్యి" అని ఖాజా భాయ్‌కి ధైర్యం చెప్పిన. పాపం, నమ్మిండు.

దిగిన తెల్లారి ఆదివారం. డ్యూటీ లేదు. హారిస్ దొర మంచోడు, మేము దిగిన బస కాడికి వచ్చి "నడువుండ్రి, రైలుల పోయి ఆటల పార్కు చూసొద్దాం" అన్నడు. వాన పడుతదని నా చేతికి ఒక గొడుగు గూడ ఇచ్చిండు. స్టేషన్ కాడ "రైలు కదలంగనే సొరంగం వస్తది" అని చెప్పిండు. సొరంగం అంటే నేను ఊకుంటనా? బాయి దిగే ముందు గేటు కాడ, బీడీలు అగ్గిపెట్టెలు లోపలికి పోవద్దని, మన జేబులు తడిమి చూస్తరు గద! సీదా పోయి టికెట్లు చూసేటాయన చేతుల నా బీడీ కట్ట, అగ్గిపెట్టె పెట్టిన. రెండు చేతులు పైకి లేపి నిలబడ్డ, తడుముకో అని. ఖాజా భాయ్ గూడ లేపిండు. ఆయన మా దిక్కు చూసిండు, బీడీల దిక్కు చూసిండు, ఏం తోచక ఆయన గూడ చేతులు లేపిండు! దొర వచ్చి ముగ్గురి చేతులు దించిండు.

రైలొచ్చింది. మస్తు మంది ఉన్నరు. సీటు దొరుకుతదో లేదో అని, రామగుండం స్టేషన్‌ల చేసినట్టే, తువ్వాల తీసి కిటికీలకెల్లి లోపలికి ఇసిరిన. అది పోయి పోయి ఒక దొరసాని టోపీ మీద పడ్డది. నేను లోపలికి పోయి, తువ్వాల నాది, సీటు నాది అన్నట్టు ఆమె ముంగట నిలబడ్డ. దొర ఆమెకు ఎన్నిసార్లు సారీ చెప్పిండో!

"క్యా కర్‌రే భాయ్, ఇజ్జత్ పోతుంది" అన్నడు ఖాజా భాయ్.

"నువ్వు ఊకో. వీళ్లకు రైలెక్కుడు తెల్వదు" అని గట్టిగనే చెప్పిన.

పార్కుల ఒక గుహ ఉంది. లోపలికి పట్టాలు. పట్టాల మీద ఇద్దరిద్దరు కూసునే డబ్బాలు, అచ్చం బొగ్గు మోసే మన టబ్బుల లెక్కనే. బోర్డు మీద ఏం రాసుందో చదవలె, నా కండ్లన్నీ పట్టాల మీదనే. "భయపడవు గద?" అని దొర నవ్విండు. నేనా? బాయి మనిషిని! అలవాటు కొద్ది ఎక్కేటోళ్లను లెక్క పెట్టిన. మాతోని కలిపి పది మంది.

లోపల చిమ్మ చీకటి. నడుమల డబ్బాలు ఆగినయ్. గొడుగు పట్టుకొని రూఫు తట్టిన. మీకు తెలుసు గద, మంచి రూఫయితే ఖంగుమంటది. ఇది డబడబ అన్నది! మళ్ల తట్టిన. డొల్ల! తడిమి చూస్తే ఒక్క సపోర్టు కట్టె లేదు. పైకెల్లి దుమ్ము రాలింది. నవ్వకుండ్రి, అప్పుడు నిజంగ భయమైంది నాకు. ఇట్లనే రూఫు తట్టకుండ పోయి మా కాక నా ముంగటనే కాలు పోగొట్టుకున్నడు.

"రూఫ్ బ్యాడ్! అవుట్! అవుట్! ఉరుకుండ్రి!" అని ఒక్క కేకేసిన. ఖాజా భాయ్‌ని గుంజిన, దొరను నూకిన. అందరు ఒర్రుకుంట బయటికి ఉరికిండ్రు. నేను ఆఖర్న వస్తుంటే, మూలకు ఒకడు తెల్లబట్ట కప్పుకొని "ఊ... ఊ..." అని మూలుగుతున్నడు. అయ్యో, దెబ్బ తాకినట్టుందని భుజం మీదేసుకున్న. "ఏం కాదు అన్నా, నేనున్న!" అని ఉరికిన. వాడు కాళ్లు కొట్టుకుంటున్నడు, వీపు మీద గుద్దుతున్నడు. నేను ఇడుస్తనా?

బయట అందరిని లైనుల నిలబెట్టి లెక్క పెట్టిన. పదకొండు! మళ్ల పెట్టిన. పదకొండే! బాయిల ఒకడు తక్కువైతే ఏం చెయ్యాలెనో నాకు తెలుసు. ఒకడు ఎక్కువైతే ఏం చెయ్యాలెనో ఏ పుస్తకంల రాసి లేదు!

ఆ పదకొండోవాడు తెల్లబట్ట తీసిండు. లోపల ఒక ముసలాయన, దగ్గుకుంట. అది దయ్యాల గుహనట! ఆయన దయ్యమట, అది ఆయన డ్యూటీనట! రూఫు పలుచని చెక్కనట! దొర మొఖం ఎర్రగయింది. అయిపోయింది, ఇగ మొదటి ఓడకే వాపస్ అనుకున్న. ముసలాయన ఊపిరి తీసుకొని దొరతోని ఏందో చెప్పిండు. ఆయన గూడ ముప్ఫై ఏండ్లు బొగ్గుబాయిల చేసినోడేనట, రూఫు డొల్ల అంటే నేను చేసిందే సరి అన్నడట. నా చెయ్యి పట్టుకొని చానసేపు ఇడవలె. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్.

నిన్న మన మేనేజర్ సార్ ఆ కాయితం అందరి ముంగట చదివిండు. "పని బాగ తెలిసినోడు. అపాయంల ఎవ్వరిని ఇడిసి రాడు. దయ్యాన్ని గూడ ఇడవలె."

ప్రమోషనైతే వచ్చింది. కని ఇయ్యాల పొద్దుగాల షిఫ్టుల మందిని లెక్క పెడుతుంటే ఎనకకెల్లి ఎవడో అడిగిండు: "సార్, మనుషులనేనా, దయ్యాలను గూడ కలుపుతున్నవా?"